వరికోత తరువాత ఇంటిపట్టున పని: జంషెడ్‌పూర్ పరిసరాలలో చలికాలపు ప్రణాళిక

మార్గశిరం వచ్చేసరికి తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో వరికోతలు ముగింపుకు వస్తాయి. పటమదా, పోట్కా, ఘాట్‌శిలా ప్రాంతాలలో వర్షాధారపు భూములే అధికం. ధాన్యం గాదెకు చేరిన తరువాత, నీటి వసతి లేని రైతుకు మళ్లీ తొలకరి వరకు పొలంలో చెప్పుకోదగిన పని ఉండదు. ఇంటిలోని పెద్దవారిలో ఒకరిద్దరు కూలి కొరకు జంషెడ్‌పూర్ వెళతారు. మిగిలినవారి శ్రమ ఇంటివద్దనే వృథా అవుతుంది.

ఈ నగరానికి తెలుగువారు క్రొత్తవారు కారు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి కర్మాగారపు పనికి, రైల్వే పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. ఉద్యోగ విరమణ తరువాత నగరం అంచున చిన్న ఇల్లు, కొద్దిపాటి పెరడు ఏర్పరచుకొన్నవారు కొందరున్నారు. పొలమున్న గ్రామీణునికీ, పొలము లేని ఈ పెరటి కుటుంబానికీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: చలికాలం నాలుగు నెలలలో ఇంటిలోపల చేయదగిన పని ఏది, దానికి బ్యాంకు ఋణం తీసికొనవచ్చునా?

తీసికొనవచ్చును. అయితే ఋణపు దరఖాస్తు కంటె ముందు పంచాంగం తెరవవలెను. చలికాలపు పనికి మొదటి పెట్టుబడి చలియే. అది ఏనాడు వచ్చి ఏనాడు పోవునో లెక్కించి, ఆ చివరి దినం నుండి వెనుకకు పని పేర్చుకొనవలెను. ఎంత అప్పు అవసరమో ఆ లెక్కలోనే తేలుతుంది.

ఏ పని ఎంచుకొనవలెను?

ఈ ప్రాంతంలో ఇంటిలోపలి పనులు పలు రకాలు. పొరుగున ఉన్న సరాయికేలా-ఖర్సావాఁ జిల్లాలో, ముఖ్యంగా కుచాయి ప్రాంతంలో, దసలి పట్టు సుప్రసిద్ధం. దారం తీయుట చక్కని ఇంటిపని. కాని దానికి చేతి నేర్పు కావలెను, కాయల సరఫరా నమ్మకంగా ఉండవలెను. నేర్పున్నవారు దానిని విడువనవసరం లేదు. లేనివారు ఒక చలికాలంలో నేర్చి ఋణం తీర్చగలమని భావించరాదు. కోడిపిల్లల పెంపకం మరొకటి. మొదటి వారంలో పిల్లలకు సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనం అవసరం. అనగా చలితో పోరాడుతూ, విద్యుత్తుకో బొగ్గుకో డబ్బు చెల్లిస్తూ చేయవలసిన పని అది.

ముత్యపుచిప్ప పుట్టగొడుగు విషయం ఇందుకు భిన్నం. హిందీలో దీనిని ఢింగ్రీ అంటారు. ఇది సుమారు 20 నుండి 28 డిగ్రీల మధ్య బాగుగా పెరుగుతుంది. వేసవిలో ఆ చల్లదనం కొరకు యంత్రాలు కావలెను. చలికాలంలో ప్రకృతియే ఉచితంగా సమకూర్చుతుంది. ముడిసరకు వరిగడ్డి, అది కళ్లంలోనే ఉన్నది. స్థలం ఒక గది. పుట్టగొడుగు రుచి ఈ ప్రాంతీయులకు నేర్పనవసరం లేదు. వానాకాలంలో అడవి నుండి వచ్చే రుగ్డా, ఖుఖ్డీలను జార్ఖండ్ ప్రజలు ఎంతో ప్రీతితో కొంటారు. చలికాలంలో అవి దొరకవు.

కార్తీకంలో మాంసాహారం మానివేసే తెలుగు ఇండ్లలో పుట్టగొడుగుకు గిరాకీ వస్తుందని కొందరు లెక్కవేస్తారు. ఆచారం పాటించే ఇండ్లలో పుట్టగొడుగును కూడా ముట్టనివారు అనేకులున్నారు. ఆ లెక్కపై ఆధారపడి పెట్టుబడి పెట్టరాదు.

తెల్లని బటన్ పుట్టగొడుగుకు ధర ఎక్కువ పలుకుతుంది గనుక దానితోనే ఆరంభించాలని కొందరికి ఉత్సాహం. దానికి ప్రత్యేకంగా మాగబెట్టిన కంపోస్టు, పంట దశలో 14 నుండి 18 డిగ్రీల స్థిరమైన చల్లదనం అవసరం. తొలి సంవత్సరం దాని జోలికి పోకుండుటయే క్షేమం.

చివరి దినం నుండి వెనుకకు

జంషెడ్‌పూర్‌లో మార్చి మధ్యకు పగటి వేడి 30 డిగ్రీలు దాటుతుంది. కనుక చివరి కోత ఆనాటికి ముగింపుకు రావలెను. ఒక బెడ్డు వేసిన నాటి నుండి గడ్డి అంతటా తెల్లని బూజు వంటి శిలీంధ్రపు దారాలు అల్లుకొనుటకు 15 నుండి 20 రోజులు, తరువాత మొదటి కోతకు మరికొన్ని రోజులు, ఆపై వారం పది రోజుల ఎడంతో రెండవ, మూడవ కోతలు. మొత్తం 45 నుండి 50 రోజులు. మార్చి మధ్య నుండి 50 రోజులు వెనుకకు లెక్కిస్తే జనవరి నాలుగవ వారం వస్తుంది. అది దాటిన తరువాత బెడ్డు వేయరాదు.

ఆరంభం నవంబరు మధ్య. ముందుగా కోతకు వచ్చే వరిరకాల గడ్డి అప్పటికి అందుబాటులోకి వస్తుంది. నవంబరు 15 నుండి జనవరి 24 వరకు వారానికొక విడత చొప్పున పదకొండు విడతలు పడతాయి. అందులో ఒకటి తీసివేయండి. జనవరి మధ్యలో సింగ్‌భూమ్ అంతటా టుసు పండుగ, తెలుగువారికి సంక్రాంతి. ఆ వారం గడ్డి ఉడికించుటకు ఇంటిలో ఎవరికీ తీరిక ఉండదు. పండుగను లెక్కలో చేర్చని ప్రణాళిక కాగితంపైనే నిలుస్తుంది. పది విడతలు మిగిలినవి.

విత్తనం ఇంకా ముందుకు జరుగుతుంది. పుట్టగొడుగు విత్తనాన్ని స్పాన్ అంటారు. దీనిని ఉడికించిన ధాన్యపు గింజలపై ప్రయోగశాలలో పెంచుతారు. అందుకు రెండు మూడు వారాలు పడుతుంది. నవంబరు 15న కావలసిన విత్తనాన్ని అక్టోబరు మధ్యలోనే కోరి ఉంచవలెను. రాంచీ సమీపాన ప్లాండులోని భారత వ్యవసాయ పరిశోధనా మండలి కేంద్రంలోను, 1981లో స్థాపితమైన బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయంలోను పుట్టగొడుగుల పని జరుగుతున్నది. జిల్లాలో ఘాట్‌శిలా వైపు దారిసాయిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. శిక్షణకు, విత్తనపు వివరాలకు అక్కడ ముందుగా విచారించవలెను.

ఒకేసారి డెబ్బది బెడ్లు వేసి పని తేల్చుకొందామని తోచుట సహజం. కాని ముత్యపుచిప్ప పుట్టగొడుగు కోసిన మరునాటికే వాడిపోవు సరకు. డెబ్బది బెడ్లు ఒకే వారంలో పంటకు వస్తే సాక్చి బజారులో వ్యాపారి చెప్పినదే ధర అవుతుంది. వారానికి పది బెడ్లు వేసినచో ప్రతి వారం కొంత పంట వచ్చును, వాడుకదారులు ఏర్పడుదురు, ఒక విడత చెడిపోయినా తక్కిన విడతలు నిలబడును. ఆరంభకునికి ఇంతకంటె మేలైన బీమా లేదు.

గది

మట్టిగోడలు, పెంకుటి కప్పు ఉన్న పాత గది ఇందుకు చాలా అనువైనది. పగటి వేడి, రాత్రి చలి అందులోనికి నెమ్మదిగా ప్రవేశిస్తాయి. రేకుల గది రాత్రివేళ త్వరగా చల్లబడుతుంది. కప్పు క్రింద గడ్డి లేదా గోనెపట్టా పరచవలసి ఉంటుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గదిలో బెడ్లను ఉట్లవలె త్రాళ్లకు ఒకదాని క్రింద ఒకటి నాలుగేసి వ్రేలాడదీసినచో సుమారు డెబ్బది పడతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. రెండు కిలోల ఎండుగడ్డితో చేసిన బెడ్డు తడితో కలిపి ఆరు కిలోల బరువు తూగుతుంది. ఒక త్రాటికి 24 కిలోలు. డెబ్బది బెడ్లకు 420 కిలోలు. ఆ భారాన్ని పాత ఇంటి వాసాలపై మోపరాదు. నేలపై నిలిచే వెదురు చట్రం విడిగా కట్టుకొనవలెను. ఖర్చు కొద్దిగా పెరిగినను ఇల్లు నిలుస్తుంది.

ఇది ఎవరూ నిద్రించని గది కావలెను. పంటకు వచ్చిన పుట్టగొడుగు నుండి కంటికి కనబడని బీజరేణువులు విడుదలవుతాయి. అవి కొందరికి దగ్గు, ఆయాసం కలిగిస్తాయి. ఉదయం తలుపు, కిటికీ తెరచి కొంతసేపు గాలి ఆడనిచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకొని లోనికి వెళ్లవలెను. ఉబ్బసం ఉన్నవారికి ఈ పని అప్పగించరాదు.

అంతకంటె ముఖ్యమైనది బొగ్గుల కుంపటి. డిసెంబరు చివర, జనవరిలో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల చేరువకు, కొన్ని రాత్రులు అంతకంటె క్రిందికి దిగుతుంది. అప్పుడు బూజు అల్లుకొనుట మందగించి, 18 రోజుల పని 25 రోజులు పట్టవచ్చును. గది వెచ్చబడుటకు కుంపటి పెడదామని తోస్తుంది. మూసిన గదిలో బొగ్గు రాజినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడు వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కుంపటి పెట్టుకొని తలుపులు మూసి నిద్రించినవారు మరునాడు లేవని విషాదాలు ఉత్తర భారతంలో ప్రతి చలికాలం వినవస్తూనే ఉన్నవి. బెడ్లు చూచుటకు రాత్రి ఒక్క నిమిషం లోనికి వెళ్లిన మనిషికి కూడా అది ప్రమాదమే. పంటకు సైతం పొగ మేలు చేయదు. గాలి చాలనిచో కాడలు సాగి, గొడుగులు చిన్నవైపోతాయి. ఆలస్యమైతే కానివ్వండి. బూజు అల్లుకొనే దశలోని సంచులను గదిలో లోపలి మూలకు చేర్చి, నేలకు తగలకుండ చెక్కపలకపై నిలిపి, గోనెపట్టాలతో కప్పినచో వాటి సొంత వేడి వాటికి చాలావరకు సరిపోతుంది. ఆలస్యానికి వారం రోజులు ముందే లెక్కలో వేసికొనవలెను.

పని సాగే తీరు

గడ్డి ఈ సంవత్సరపుదై, వానకు తడవక, పసుపు వన్నెతో ఉండవలెను. నల్లబడిన గడ్డిలో ఇతర బూజులు అప్పటికే స్థిరపడి ఉంటాయి. గడ్డిని రెండు అంగుళాల లోపు ముక్కలుగా కత్తిరించి రాత్రంతా నీటిలో నానబెట్టవలెను. మరునాడు 65 నుండి 70 డిగ్రీల వేడినీటిలో ఒక గంట ఉంచి శుద్ధి చేయవలెను. ఫార్మలిన్, కార్బెండజిమ్ కలిపిన నీటిలో నానబెట్టే పద్ధతి కూడా వాడుకలో ఉన్నది. పిల్లలు తిరుగాడే ఇంటిలో ఫార్మలిన్ ఉంచుట ఈ వ్యాసకర్తకు సమ్మతం కాదు. వంటచెరకు ఖర్చు భరించి వేడినీటి పద్ధతినే అనుసరించుట మేలు. థర్మామీటరు తప్పక కొనవలెను; చేతితో తాకి వేడి అంచనా వేసినచోటనే చాల బెడ్లు చెడుతాయి.

వార్చిన గడ్డిని శుభ్రమైన టార్పాలిన్‌పై నీడలో ఆరబెట్టవలెను. గుప్పెడు గడ్డి పిండినప్పుడు అరచేయి తడి కావలెను గాని నీటిబొట్టు రాలరాదు. ఈ ఒక్క పరీక్షను ఇంటిలో అందరూ నేర్వవలెను. తడి ఎక్కువైన గడ్డి క్రుళ్లుతుంది, తక్కువైనచో బూజు పాకదు.

పాలిథీన్ సంచిలో గడ్డి ఒక పొర, విత్తనం ఒక పొర చొప్పున నింపి, మూతి బిగించి, చుట్టూ చిన్న రంధ్రాలు పొడవవలెను. తడిగడ్డి బరువులో నూటికి రెండు మూడు వంతుల విత్తనం కావలెను. ఆరు కిలోల బెడ్డుకు 150 గ్రాములు సరి. బూజు పూర్తిగా అల్లుకొని సంచి తెల్లబడిన తరువాత దానిని కిటికీ వైపుకు మార్చి, సంచికి నిలువుగా గాట్లు పెట్టవలెను. ఈ దశలో పుట్టగొడుగుకు తేమ, గాలి, నీడపాటి వెలుతురు మూడూ కావలెను. ఇక్కడి చలిగాలి పొడిగా ఉంటుంది. గది నేలపై ఇసుక పరచి తడుపుతూ, గోడలకు గోనెపట్టాలు కట్టి, రోజుకు రెండు మూడు మారులు సన్నని తుంపరగా నీరు చల్లవలెను. గొడుగు అంచులు పైకి ముడుచుకొనకముందే మెలిపెట్టి కోయవలెను.

ఆకుపచ్చని బూజు కనబడిన సంచిని ఆనాడే గది వెలుపలికి తీసి, దూరంగా పూడ్చవలెను. దానిపై మమకారం వద్దు. ఒక సంచి విలువ కొరకు ఆగిన ఇంటిలో ఒక్కొక్కప్పుడు గది మొత్తం పోతుంది.

లెక్క

ధరలు ఊరూరికి, వారం వారానికి మారుతాయి. క్రింది రూపాయలు ఉదాహరణ కొరకు ఊహించినవి మాత్రమే. పాఠకులు తమ ప్రాంతపు ధరలు వేసికొని తిరిగి లెక్కించగలరు.

పది విడతలకు నూరు బెడ్లు. ఎండుగడ్డి 200 కిలోలు, ఇంటిదే. పశువుల మేతకు మిగులుతుందో లేదో ముందుగా చూచుకొనవలెను. విత్తనం 15 కిలోలు, కిలో 120 చొప్పున 1,800 రూపాయలు. సంచులు 500. వంటచెరకు 1,000. బజారుకు చేరవేత 1,000. మొత్తం 4,300 రూపాయలు. కిలో ఎండుగడ్డికి అర కిలో మొదలు, మంచి యాజమాన్యంలో కిలో వరకు పుట్టగొడుగు వస్తుందని చెబుతారు. ఆరంభకుడు అర కిలోయే వేసికొనవలెను. 100 కిలోల పంటను టోకుగా కిలో 100 చొప్పున అమ్మినచో 10,000 రూపాయలు. మిగులు 5,700. వెదురు చట్రం, స్ప్రేయరు, థర్మామీటరు, టార్పాలిన్, నీరు కాచే డ్రమ్ము కలిపి 3,500 అయినవనుకొంటే తొలి చలికాలంలో కుటుంబ శ్రమకు దక్కేది 2,200 రూపాయలు. రెండవ సంవత్సరం సామగ్రి ఖర్చు ఉండదు. చేయి తిరిగి, కిలో గడ్డికి 700 గ్రాములు తీయగలిగితే అదే గది 9,700 రూపాయలు మిగుల్చుతుంది.

ఈ అంకెలు చూచి కొందరు నిరుత్సాహపడవచ్చును. బ్యాంకు దృష్టిలో ఇవే ఆరోగ్యకరమైన అంకెలు. ఇంత మిగులు గల పనికి ప్రత్యేకంగా షెడ్డు కట్టుటకు యాభై వేల ఋణం తీసికొన్నచో ఏమగునో పాఠకులే ఊహించగలరు. తొలి చలికాలపు అప్పు, తక్కువ దిగుబడి వచ్చినను ఆ చలికాలపు మిగులుతోనే తీరునంత ఉండవలెను. పై లెక్కలో సామగ్రికి అయిన 3,500 రూపాయలే ఆ హద్దు. విత్తనం, వంటచెరకు మొదటి రెండు మూడు విడతలకు మాత్రం చేతి డబ్బుతో కొని, తరువాతి విడతలను అమ్మకపు రాబడితో నడిపించవలెను.

ఋణానికి దారులు మూడు. మహిళలకు స్వయం సహాయక సంఘం అన్నిటికంటె దగ్గరి దారి. నాబార్డు 1992లో 500 సంఘాలతో ఆరంభించిన బ్యాంకు అనుసంధానం నేడు దేశమంతటా వ్యాపించినది. ఇటువంటి చిన్న మొత్తానికి సంఘం అంతర్గత అప్పే చాలును. పంట ఋణానికి కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న రైతు, అనుబంధ వృత్తుల విషయమై తన శాఖలో విచారించవచ్చును. భూమి లేని పెరటి కుటుంబానికి 2015లో వచ్చిన ముద్రా పథకంలో శిశు విభాగం ఉన్నది. దాని పరిమితి 50,000 రూపాయలు. పరిమితి అంత ఉన్నది గనుక అంతా తీసికొనవలెనని కాదు. ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం, 1908 క్రింద ఆదివాసుల భూమి బదిలీపై ఆంక్షలు ఉన్నందున ఇక్కడ భూమి తాకట్టు సులభం కాదు. తాకట్టు కోరని చిన్న ఋణం ఈ ప్రాంతానికి తగినది. మొదటి వాయిదా మొదటి కోతకు ముందు పడకుండ, చివరి వాయిదా మార్చి దాటకుండ శాఖాధికారితో ముందే మాట్లాడుకొనవలెను.

డీలర్లకు, కొనుగోలుదారులకు

విత్తనపు పొట్లంపై తయారైన తేదీ తప్పక ఉండవలెను. నెల దాటిన విత్తనం అమ్మిన డీలరు ఒక చలికాలపు లాభం పొంది, తరువాతి చలికాలపు ఖాతాదారును పోగొట్టుకొంటాడు. విత్తనం తెల్లగా, అంటుకొని ఉండవలెను. పచ్చని, నల్లని మచ్చలు, పులిసిన వాసన ఉన్నచో తీసికొనరాదు. రాంచీ నుండి సుమారు 130 కిలోమీటర్ల ప్రయాణం. పగటి ఎండలో బస్సు పైకప్పుపై కాక, ఉదయమో సాయంత్రమో లోపల పెట్టి తేవలెను.

‘విత్తనం మా వద్ద కొనండి, పంటంతా మేమే కొంటాము’ అను ఒప్పందాల విషయంలో ఋణగ్రహీతలు మెలకువగా ఉండవలెను. బజారు ధరకు రెండు మూడింతలకు విత్తనం, సామగ్రి అంటగట్టి, పంట వచ్చేసరికి కనబడనివారు అన్ని రాష్ట్రాలలోను ఉన్నారు. అటువంటి ఒప్పందపు కాగితం పట్టుకొని ఋణానికి వచ్చినవారిని, ముందుగా తమ వీధిలో ఐదు కిలోలు అమ్మి రమ్మని కోరుట ఉత్తమం. జుగ్‌సలాయి, మాంగో, కదమా, సోనారీ బజారులలో పావుకిలో పొట్లాలుగా ఎంత పోవునో రెండు వారాలు చూచినచో విషయం బోధపడుతుంది. అమ్ముడుపోని సరకును ఎండబెట్టవచ్చును. పది కిలోల పచ్చిదానికి సుమారు ఒక కిలో ఎండుది వస్తుంది. ఎండినదానిని గాలి చొరని డబ్బాలో నిలువ చేయవలెను.

కోస్తా ఆంధ్రలోని పాఠకులకు ఒక మాట. విజయవాడ, గుంటూరు ప్రాంతాలలో చలి ఆలస్యంగా వచ్చి త్వరగా పోతుంది. అక్కడ పై తేదీలను యథాతథంగా అనుసరించక, ఫిబ్రవరి మధ్యకే చివరి కోత ముగియునట్లు వెనుకకు లెక్కించుకొనవలెను. అరకు, పాడేరు కొండలలో కాలం ఇంకా ఎక్కువ దొరుకుతుంది. వేసవిలో గది ఖాళీగా ఉంచుట ఇష్టము లేనివారికి 30 నుండి 35 డిగ్రీల వేడిలో పెరిగే పాల పుట్టగొడుగు ఉన్నది. దానికి బెడ్డుపై మట్టి కప్పవలసి ఉంటుంది గనుక పద్ధతి వేరు.

మూడు కోతలు ముగిసిన గడ్డిని ఎరువుగుంటలో వేసినచో తొలకరికి కూరగాయల మడికి పనికివస్తుంది. మార్చిలో గదిని ఖాళీచేసి, సున్నం కొట్టి, తలుపులు తెరచి ఆరనిచ్చి, సామగ్రిని శుభ్రపరచి అటక ఎక్కించవలెను. విత్తనం ఎవరి వద్ద ఏ తేదీన కొన్నదీ, ఏ విడత ఎన్ని కిలోలు ఇచ్చినదీ వ్రాసిన నోటుపుస్తకాన్ని మాత్రం అక్టోబరులో బ్యాంకుకు వచ్చునప్పుడు వెంట తీసికొని రాగలరు.